ఒంట్లో ఉప్పు నిలవని పిల్లలు

కామారెడ్డిలో నా క్లినిక్ గదిని కిందటేడు ఒక కొత్త డాక్టరమ్మ తీసుకున్నది. పిల్లల వైద్యం చదివి వచ్చింది, చురుకైన మనిషి. తాళంచెవులు చేతికిచ్చే రోజు నన్ను అడిగింది, "మేడం, ఇక్కడ ఎక్కువగా ఏం కేసులు వస్తయి?" అని.

"జ్వరాలు, విరేచనాలు, దగ్గు. పొద్దంత అవే," అని చెప్పిన.

"అంతేనా?" అన్నది. మొహంలో కొంచెం నిరాశ కనిపించింది.

అంతే కాదు. కానీ అది గుమ్మంలో నిలబడి చెప్పే ముచ్చట కాదు. అందుకే కూసొని రాస్తున్న. ఆమె కోసం, ఆమె తర్వాత ఈ చిన్న ఊర్లకు వచ్చేవాళ్ల కోసం. నేను ఎక్కడ చదివిన, ఎవరు శాలువా కప్పిన్రు అన్నవి రాయను. అవి ఎవరికీ అక్కరకు రావు. నా ముప్పై చిల్లర ఏండ్ల పనిలో నేను తలెత్తుకొని చెప్పుకునేది ఒకే రకం పిల్లల గురించి. వాళ్లు తక్కువమంది. కానీ గుర్తుపడితే బతికి, పెద్దయి, పెండ్లిళ్లు చేసుకుంటరు. గుర్తుపట్టకపోతే ఏ పేరూ లేని జబ్బుతో పోతరు. వాళ్లను నేను గుర్తుపట్టిన. నాకు గర్వమే, దాచుకోను.

కిడ్నీ అంటే జల్లెడ అని అందరం చెప్తం. అది సగమే నిజం. రక్తాన్ని వడకట్టినంక అసలు పని మొదలైతది. వడకట్టిన నీళ్లలో చెత్త ఒక్కటే ఉండదు, ఒంటికి కావాల్సిన ఉప్పులు, నీళ్లు కూడా ఉంటయి. జల్లెడ కింద సన్నటి గొట్టాలుంటయి. కావాల్సినవి వెనక్కి తీసుకోవడం, ఒంట్లో పుట్టే ఆమ్లాన్ని బయటికి నెట్టడం వాటి పని. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ గొట్టాల్లో లోపం ఉంటది. జల్లెడ బాగానే ఉంటది గనుక క్రియాటినిన్ పరీక్ష మంచిగ వస్తది. "కిడ్నీలు బాగున్నయి" అని రిపోర్టు చేతిలో పెడతరు. పిల్ల మాత్రం ఎండిపోతుంటది.

ఎల్లారెడ్డిలో మౌనిక

అప్పుడు నేను ఎల్లారెడ్డిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో పనిచేస్తున్న. దాని యజమాని రాజలింగం సారు, సర్జను. కోపిష్టి. నర్సు కత్తెర కింద పడేస్తే వీధి చివరిదాక వినబడేటట్టు కేకలేసేవారు. కానీ ఆయన కుట్టిన కుట్టు విప్పినంక మచ్చ వెతుక్కోవాల్సిందే. నాకంటే బాగా పెద్దవారు. పిల్లల డాక్టరు అంటే ఆయన దృష్టిలో తూకం చూసి సిరప్ రాసే మనిషి. ఆ మాట నా మొహం మీదనే అన్నరు కూడా.

ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు పిల్లనెత్తుకొని వచ్చిన్రు. తల్లి పేరు రాజమణి, తాడ్వాయి దిక్కు పల్లె. ఇంట్లో బీడీలు చేస్తది, భర్త దుబాయిలో కూలిపని. వెంట అత్త ఎల్లవ్వ. ఎల్లారెడ్డిలో చుట్టాల పెండ్లికి వచ్చిన్రట. పెండ్లి తిండి పడక పిల్లకు ముందురోజు నుంచి విరేచనాలు.

"పొద్దుగాల లేపితె లేస్తలేదు డాక్టరమ్మా," అన్నది ఎల్లవ్వ. "మెడ నిలుపుతలేదు. కాళ్లు చేతులు బట్ట తీర్గ ఏలాడుతున్నయ్. పోలియో గిట్ల కాదు గద?"

పిల్ల పేరు మౌనిక. అయిదారేండ్లుంటయి, చూస్తే మూడేండ్ల పిల్ల లెక్కనే ఉన్నది. మంచం మీద పడుకోబెడితే చెయ్యి జారి కిందికి వేలాడింది, తిరిగి పైకి తీసుకోలేదు. కానీ కండ్లు తేటగ ఉన్నయి. నన్నే చూస్తున్నది. ఏడుద్దామని మొహం ముడుచుకున్నది గాని గొంతులోంచి సన్నటి కీచుమనే చప్పుడే వచ్చింది.

రాజలింగం సారు వచ్చి ఒక చూపు చూసిన్రు. ఊపిరి లోతుగా, తొందరగా పోతున్నది. "విరేచనాలతోటి ఒంట్లో ఆమ్లం పెరిగింది. గ్లూకోజు పెట్టి సోడా బైకార్బ్ ఎక్కించుండ్రి. కొంచెం తేరుకోంగనే హైదరాబాద్ పంపుదాం," అని నర్సుకు చెప్పి పోయిన్రు.

ఆమ్లం పెరిగిందన్న మాట నిజమే. నాకు ఒప్పనిది వేరే. విరేచనాల నీరసమైతే పిల్ల మత్తుగ ఉంటది, కండ్లు లోపలికి పోతయి. ఈ పిల్ల తెలివిగానే ఉన్నది, కండరాలే పనిచేస్తలేవు. మోకాలి కింద తడితే కాలు కదలలేదు. ఆ కాలు మీద చెయ్యి పెట్టినప్పుడు చూసిన, రెండు కాళ్లు విల్లు తీర్గ వంగి ఉన్నయి. మణికట్లు లావుగ, గడ్డకట్టినట్టు ఉన్నయి.

"ఎప్పటి నుంచి వంగినయి కాళ్లు?" అని అడిగిన.

"నడక నేర్సినప్పటి సంది," అన్నది రాజమణి. "శానా సూదులు ఏపిచ్చినం. ఎముకల సూదులు. ఎవలు చెప్తె ఆడికి తీసుకపోయినం."

"నీళ్లు ఎట్ల తాగుతది?"

రాజమణి అత్త మొహం చూసింది. "మీకెట్ల తెలిసింది? బిందె కాడనె కూసుంటది మేడం. చెంబులకు చెంబులు తాగుతది. పక్క తడుపుతదని రోజు తిట్లే. గోడ సున్నం గీకి తింటది."

చదువుకునే రోజుల్లో మా సారు ఒకాయన ఉండె. పిల్ల ఎదుగుతలేదని ఎవరొచ్చినా "ఏం తింటది అని అందరు అడుగుతరు, ఎంత తాగుతది అని మీరు అడుగుండ్రి" అనేవారు. కిడ్నీ గొట్టాల జబ్బులు ఆయన నేర్పినవే. ఎక్కువ తాగుడు, ఎక్కువ మూత్రం, ఎదగని ఒళ్లు, మెత్తబడ్డ ఎముక, ఇప్పుడు ఈ చచ్చుబడ్డ కండరాలు. ఇవి అయిదు జబ్బులు కాదు, ఒక్కటే. గొట్టాలు ఆమ్లాన్ని బయటికి నెట్టలేక పొటాషియాన్ని పారేస్తున్నయి. ఎన్నో ఏండ్లుగా కొంచెం కొంచెం ఖాళీ అయిన పిల్లకు విరేచనాలు మిగిలింది కూడా ఊడ్చిపెట్టినయి.

నేను తలెత్తి చూసేసరికి నర్సు సీసా వేలాడదీసింది, సూది కూడా నరంలో పెట్టింది. నేను పోయి సీసా గొట్టం మీది చక్రం తిప్పి మూసేసిన.

"సారు చెప్పిన్రు మేడం," అన్నది నర్సు బెదురుకుంట.

"సారుతో నేను మాట్లాడుత."

ఇది చదివే కొత్త డాక్టర్లు బాగా గుర్తుంచుకోవాల్సిన మాట. పొటాషియం అడుగంటిన పిల్లకు ముందుగా సోడా, గ్లూకోజు ఎక్కిస్తే రక్తంలో మిగిలిన ఆ కొంచెం పొటాషియం కూడా కణాల లోపలికి పోతది. ఊపిరి తీసే కండరాలు ఆగిపోతయి. ఆమ్లం సరిచేసినమని మనం అనుకుంటుంటే పిల్ల మన చేతిలో పోతది. పొటాషియం ముందు, సోడా తర్వాత.

నర్సు పోయి చెప్తే రాజలింగం సారు పరుగున వచ్చిన్రు. "ఎందుకు ఆపినవ్?"

"పొటాషియం పడిపోయింది సార్. ముందు అది ఎక్కించాలె."

"రిపోర్టు ఉన్నదా?"

"లేదు. రక్తం తీసి కామారెడ్డి ల్యాబుకు పంపుతున్న. వచ్చేదాక ఆగలేం."

ఆయన గొంతు తగ్గింది. ఆయన కేకలేస్తే నాకు భయం లేదు గాని గొంతు తగ్గిస్తే భయం. "పొటాషియం సూది తోటి గుండె ఆగి మనిషి పోవుడు నేను కండ్లార చూసిన, తెలుసా? నేను హౌస్ సర్జన్‌గ ఉన్నప్పుడు. బలమైన మనిషి. మాట మధ్యలో పోయిండు. రిపోర్టు లేకుంట ఉత్తి అందాజ మీద ఈ పిల్లకు అది ఎక్కిస్తనంటవా?"

ఆయన భయం తప్పు కాదు. అది తొందరగ ఎక్కితే ప్రాణం తీస్తది. అందుకే అందాజ మీద వద్దని నేను కూడా అనుకున్న. "ఈసీజీ తీద్దాం సార్," అని చెప్పిన.

ఆ మిషను ఆపరేషన్ల ముందు పెద్దవాళ్లకు తీసేది. రొమ్ము మీద అతికించే రబ్బరు కప్పులు మౌనిక చాతి మీద పక్కపక్కన పట్టలేదు. ఒకటి పెట్టి గీత తీసి, అది తీసేసి ఇంకోటి పెట్టి, అట్ల ఒక్కొక్కటే తీసినం. కాగితం బయటికి వస్తుంటే సారు నా పక్కనే నిలబడి చూస్తున్నరు. గుండె గీతలో లేవాల్సిన అల చదునుగా పడి ఉన్నది, దాని తర్వాత ఉండకూడని చిన్న బొడిపె ఒకటి. పొటాషియం అడుగంటితే గీత అట్లనే వస్తది.

ఆయన ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకపోయి చాలాసేపు చూసిన్రు.

"రేపు ఏమన్న అయితే జిమ్మేదారి ఎవరిది?" అని అడిగిన్రు.

"నాది సార్."

"నీదొక్కదానిదే ఎట్లయితది? దవాఖాన నాది," అని కాగితం నా చేతికిచ్చి, స్టూలు గుంజుకొని పిల్ల మంచం పక్కన కూసున్నరు.

పొటాషియం బాగా పల్చగ కలిపి, సన్న చుక్కలుగా మొదలుపెట్టిన. సారు పిల్ల మణికట్టు మీద వేళ్లు పెట్టి తియ్యలేదు. మధ్య మధ్యలో ఈసీజీ తీస్తున్నం. బయట ఆయన కోసం ఆపరేషన్ పేషెంటు ఎదురుచూస్తుండె. "రేపు రమ్మను," అని చెప్పిపంపిన్రు. ఎల్లవ్వ తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకొని నిలబడ్డది. రాజమణి పిల్ల పాదాలు పట్టుకొని వదలలేదు.

కాగితం మీద అల లేవడం మొదలైంది. ముందు కొంచెం, తర్వాత స్పష్టంగ. కామారెడ్డి నుంచి ఫోన్ చేసి పొటాషియం ఎంత తక్కువుందో చెప్పిన్రు. ఆ సంఖ్యతో ఆ పిల్ల ఎట్ల ఊపిరి తీసిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సందెపూట మౌనిక వేళ్లు కదిలినయి. తర్వాత మోచెయ్యి లేచింది. తల ఇటు తిప్పి, పొడిబారిన పెదాలతో మొదటి మాట అన్నది.

"నీళ్లు."

ఎల్లవ్వ భోరున ఏడ్చింది. రాజలింగం సారు మాత్రం నవ్విన్రు. నేను ఆ దవాఖానలో చేరినంక ఆయన పండ్లు చూసుడు అదే మొదలు. లేచి నడుం పట్టుకొని నిలబడి, "రేపు పొద్దున టీ తాగేటప్పుడు ఆ గొట్టాల సంగతి నాకు చెప్పు. మొదటి నుంచి చెప్పు," అన్నరు.

చెప్పిన. తన కింద పనిచేసే, కూతురు వయసు మనిషి దగ్గర ఆయన రెండు టీలు తాగేదాక కూసొని విన్నరు, మధ్యలో ప్రశ్నలు అడిగిన్రు. మంచి బాస్ అంటే మంచిగ మాట్లాడేవాడు కాదని నాకు ఆ రోజు అర్థమైంది. ఆయన మళ్లీ నన్ను సిరప్ డాక్టరు అనలేదు. కేకలు మాత్రం తగ్గలేదు.

ముసల్దయ్యేదాక

రెండుమూడు రోజులల్ల మిగిలిన పరీక్షలన్నీ చేయించిన. రక్తంలో ఆమ్లం ఎక్కువ, మూత్రంలో మాత్రం ఆమ్లం లేదు. గొట్టాలు దాన్ని నెట్టలేకపోతున్నయనడానికి అదే సాక్ష్యం. స్కానింగులో రెండు కిడ్నీల లోపల సున్నం చుక్కలు తెల్లగ మెరుస్తున్నయి. ఆ పిల్లకు ఇంకా కొన్ని ఎముకల సూదులు, అంటే విటమిన్ డి సూదులు, వేసి ఉంటే ఆ సున్నం ఇంకా పెరిగేది. సూదులు వేసినవాళ్లను నేను తిట్టను. కాళ్లు వంగితే విటమిన్ తక్కువని అనుకోవడం సహజం, ఎక్కువసార్లు అదే నిజం కూడా. కానీ ఒకసారి సరిగ్గ ఇచ్చినంక ఎముక గట్టిపడకపోతే మళ్లీ అదే ఇవ్వొద్దు. ఆగి, మూత్రం చూడండి. పైసలు పెద్దగ పట్టని పరీక్ష అది.

హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్లకు చూపించి రమ్మన్న. వాళ్లు కూడా అదే జబ్బు అని తేల్చిన్రు. మందు సిట్రేట్ ద్రావణం. ఆమ్లాన్ని కట్టడి చేస్తది, పొటాషియం ఇస్తది. ఉప్పగ, పుల్లగ, వికారంగ ఉంటది. రోజూ కొన్నిసార్లు తాగాలె.

రాజమణికి, ఎల్లవ్వకు ఎదురుగ కూసొని చెప్పిన. "రాజమణీ, నువ్వు తునికాకు కత్తిరిస్తవు గదా. మంచి ముక్క చాటల ఉంచుకుంటవు, ఈనెలు, అంచులు పారేస్తవు. మీ బిడ్డ కిడ్నీల ఆ ఏరే పని తప్పుతున్నది. మంచిది పారేసి చెత్త ఉంచుకుంటున్నది. ఈ మందు దాన్ని బాగుచెయ్యదు. పారేసింది మళ్లీ నింపుతది."

"ఎన్నొద్దులు తాగాలె?" అని ఎల్లవ్వ అడిగింది.

"ఎప్పటికీ."

"ఎప్పటికంటె?"

"ముసల్దయ్యేదాక, అవ్వా."

ఆ మాట చెప్పినప్పుడు తల్లులు ఏడుస్తరు, కోపం చేస్తరు, ఇంకో డాక్టరు దగ్గరికి పోతరు. నేను దానికి సిద్ధంగనే ఉన్న. ఎల్లవ్వ మందు సీసా చేతుల్లోకి తీసుకున్నది. తర్వాత మెల్లగ అడిగింది.

"అంటె, ముసల్దయితదా?"

ఆ ఇంట్లో ఆ పిల్ల బతకదని ఎప్పుడో అనుకున్నరని నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ నోరు తెరిచి చెప్పుకోలేదు. "అయితది అవ్వా, మందు ఆపకపోతే అయితది," అని చెప్పిన. ఆ తర్వాత ఆ మందుకు ఎల్లవ్వే కాపలా. మౌనిక తాగనని పశువుల కొట్టాం వెనక దాక్కుంటే ఈమె సీసా, బెల్లం ముక్క పట్టుకొని వెంటపడేది. బస్సులో సీసా ఒళ్లో పెట్టుకొని కూసునేది, సంచిలో పెడితే పగుల్తదని. నేను కామారెడ్డికి వచ్చి సొంత క్లినిక్ పెట్టుకున్నంక వాళ్లు కూడా కామారెడ్డికే రావడం మొదలుపెట్టిన్రు. ప్రతిసారి గుమ్మంలోనే ఎల్లవ్వ గొంతు వినబడేది, "మా పొల్ల ఎంత పెరిగిందో సూడు డాక్టరమ్మా!" అని.

నిజంగనే పెరిగింది. తలుపు పక్కన గోడ మీద నేను పిల్లల ఎత్తు గీతలు గీసేదాన్ని. మౌనిక గీత, ఏండ్లపాటు ఎదగని పిల్ల గీత, ఒక్కసారి ఎక్కడం మొదలుపెట్టింది. కాళ్లు మెల్లమెల్లగ సాపయినయి. ఆమె తండ్రి దుబాయి పోయేనాటికి ఆమెను చంకలో ఎత్తుకునే తిప్పేవాళ్లు. అతను సెలవు మీద వచ్చి కామారెడ్డి బస్టాండులో దిగితే, ఒక పిల్ల మందిని తోసుకుంట ఉరికి వస్తున్నది. ఎవరి పిల్లనో అనుకొని పక్కకు జరిగిండట. ఆ ముచ్చట రాజమణి నాకు చెప్పుకుంట నవ్వింది, చెప్పడం అయినంక కండ్లు తుడుచుకున్నది. ఆ మరునాడు అతను నా క్లినిక్‌కు వచ్చిండు. ఖర్జూరాల డబ్బా బల్ల మీద పెట్టి, నమస్కారం పెట్టి పోయిండు.

తడి బట్ట

ఒక మాట మధ్యలో చెప్పుకోవాలె, లేకపోతే మరిచిపోత. భిక్నూర్ నుంచి ఒక పసిపిల్లవాడు వచ్చేవాడు. మాటిమాటికి జ్వరం, కక్కుడు. ఎన్ని యాంటీబయాటిక్స్ వేసినా అంతే. చర్మం ఎండిపోయి ఉండేది, కానీ బట్ట ఎప్పుడూ తడి. మూత్రం మంచిగ పోస్తున్నడు గనుక నీళ్లు తగ్గలేదని అందరూ అనుకున్నరు. ఎండిపోయిన పిల్లవాడు మూత్రం పోస్తున్నడంటే, దాచుకోవాల్సిన నీళ్లు దాచుకోలేకపోతున్నడని అర్థం. అక్కడనే చిక్కున్నది. ఆ తల్లి నాతో అన్న మాట, "పాలకన్న నీళ్లకే ఎక్కువ ఏడుస్తడు మేడం. మా తమ్ముడు గిట్లనే ఉంటడు. చెంబు చేతుల లేంది ఇల్లు దాటడు." తల్లి దిక్కు నుంచి మగపిల్లలకు వచ్చే జబ్బు అది. రక్తంలో సోడియం చూస్తే ఆకాశంలో ఉన్నది. మెల్లగ దించినం, నీళ్లు అడగకముందే పట్టించుడు నేర్పినం. ఆ బాబు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నడు. అతని మేనమామను కూడా పిలిపించి చూసిన. అన్నేండ్లు అందరూ నవ్వులాటకు చెప్పుకున్న చెంబుకు ఆ రోజు కారణం దొరికింది.

దొరకనిది

మౌనికకు పదేండ్లు దాటినంక బడి నుంచి ఫిర్యాదులు వచ్చినయి. పిలిస్తే పలుకుతలేదని, ధ్యాస లేదని. నాకు తెలుసు అది ధ్యాస కాదని. ఈ జబ్బు కొన్ని ఇండ్లల్ల చెవిని కూడా తింటది. గొట్టంలో లోపించిన ఆ పనితనమే చెవి లోపల కూడా కావాలె. మొదటి నుంచి ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయిస్తనే ఉన్న. తగ్గుతూ వచ్చింది.

రాజమణికి చెప్పినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డది. "మందు ఒక్క పూట మర్వలేదు మేడం. ఒక్క పూట! అయినా గిట్ల అయితదా?"

"మందు ఎముకలను కాపాడుతది, కిడ్నీని కాపాడుతది. చెవిని కాపాడదు. నువ్వు చేసిందాంట్ల ఏ లోపం లేదు," అని చెప్పిన.

కొత్తగ వచ్చే డాక్టర్లకు నేను చెప్పేది ఇదే. ఒకటి బాగుచేసినంక అన్నీ బాగుచేస్తరని తల్లిదండ్రులు నమ్ముతరు. ఆ నమ్మకం తియ్యగ ఉంటది గాని దాన్ని పెంచి పోషించొద్దు. చెవి మిషను పెట్టించినం. మౌనిక మొదట్లో చెవుల మీదికి జుట్టు దువ్వి దాన్ని కప్పుకునేది. కొన్నేండ్లకు జుట్టు వెనక్కి దువ్వి కట్టుకోవడం మొదలుపెట్టింది.

అంతకుముందే ఇంకో పెద్ద ముచ్చట ఉండె. రాజమణి మళ్లీ నెల తప్పినప్పుడు ఎల్లవ్వ ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. "నా తమ్ముని బిడ్డనే నా కొడుక్కు చేసుకున్న. దాంతోనేనా డాక్టరమ్మా ఇదంత? నేను చేసిన పాపమా?" అని అడిగింది.

మేనరికం మీద ఉపన్యాసం ఇయ్యడం సులువు. నేను చాలామంది డాక్టర్లు ఇయ్యడం విన్న. ఆ ముసలామె మొహం చూస్తే ఎవరికీ ఆ మాటలు నోట రావు. "పాపం కాదు అవ్వా. మీ ఇంట్ల ఒక లోపం తాతల కాలం నుంచి దాగి ఉన్నది. రెండు దిక్కుల నుంచి కలిసి బయటపడ్డది. పుట్టే బిడ్డకు రావొచ్చు, రాకపోవచ్చు. వస్తే మొదటి నెలల్లోనే పట్టుకుంటం," అని చెప్పిన.

వచ్చింది. కొడుకు పుట్టిండు, వానికీ అదే జబ్బు. కానీ వాని కాళ్లు వంగకముందే, కిడ్నీల సున్నం పేరకముందే మందు మొదలుపెట్టినం. వాడు ఇప్పుడు తాడ్వాయిలో కబడ్డీ ఆడితే వానిని పట్టడానికి నలుగురు కావాలె. చెవి వానికీ కొంచెం తగ్గింది, మిషను పెట్టుకొని కాలేజీకి పోతున్నడు. వాని నిటారు కాళ్లు చూసినప్పుడల్లా నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అక్కకు దొరకడానికి ఏండ్లు పట్టిన మందు తమ్మునికి మొదటి నెలల్లోనే దొరికింది. ఎల్లవ్వ ఆ ఇద్దరూ పెరగడం చూసే పోయింది. చివరి జబ్బులో కూడా మంచంలోంచి "మందు తాగిన్రా?" అని అడిగిందట.

మౌనిక చెయ్యి

మౌనిక డిగ్రీ చదివి భిక్నూర్ దగ్గర ఒక రైసుమిల్లులో కంప్యూటర్ పనికి చేరింది. దోమకొండ పిల్లవాడు, చుట్టరికం లేని ఇల్లు, సంబంధం వచ్చింది. పెద్దవాళ్లు జబ్బు ముచ్చట దాచుదామన్నరు. ఆమె పిల్లవాని ఎదురుగ కూసొని తనే చెప్పిందట: "నాకు రోజు తాగే మందున్నది, చెవుల మిషన్లున్నయి. రెండూ నాతోనే వస్తయి." పిల్లవాడు ఆలోచించుకొని, "మందు ఎక్కడ దొరుకుతది?" అని అడిగిండట. ఆ ప్రశ్న విన్నంక నేనే రాజమణికి చెప్పిన, ఈ పిల్లవాడు మంచోడు, చేసెయ్యండి అని.

కిందటేడు, నేను క్లినిక్ ఇచ్చేసినంక, మౌనిక నెల తప్పింది. మొదటి నెలల్లో వాంతులు. నీళ్లు నిలవవు, మందు నిలవదు, పొటాషియం మళ్లీ జారడం మొదలైంది. కాళ్లు బరువెక్కినయి. కామారెడ్డిలో ఆమెను చూస్తున్న కాన్పుల డాక్టరు చిన్న వయసు మనిషి, నాకు ఫోన్ చేసింది. "మేడం, ఇట్లాంటి కేసు నేను చూడలేదు. పెద్ద ఊరికి పంపనా?" అని.

"పంపాల్సి వస్తే పంపుదాం. నేను వస్తున్న," అని చెప్పిన.

అవసరమైనప్పుడు సెలైన్‌లో పొటాషియం, వాంతులు తగ్గినంక నోటితో మందు, కొన్నిరోజులకోసారి రక్తపరీక్ష. హైదరాబాద్‌లో కిడ్నీ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడుకుంట నడిపించినం. ఆ కాన్పుల డాక్టరు ప్రతిదీ అడిగి తెలుసుకున్నది, అడగడానికి సిగ్గుపడలేదు, అది నాకు నచ్చింది. చిన్నప్పుడు ఎముకలు మెత్తబడ్డ పిల్ల గనుక కటి ఇరుకు, ఆపరేషనే చెయ్యాలన్నరు. ఆ రోజు పొద్దున పొటాషియం రిపోర్టు చూసి, మంచిగున్నదని నేనే చెప్పిన, మొదలుపెట్టుండ్రి అని.

థియేటర్‌లో చెవి మిషన్లు తీసేయమన్నరు. నడుముకు మత్తు సూది ఇచ్చిన్రు, మెలకువగనే ఉన్నది. నేను ఆమె తల దగ్గర కూసున్న. పెదాలు చదవడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటే, కానీ అందరి మొహాలకు మాస్కులు. ఎవరు ఏమంటున్నరో ఆమెకు తెల్వదు. కండ్లు మాత్రం నా కండ్లను వదలలేదు.

ఆడపిల్ల పుట్టింది. బయటికి రాంగనే గట్టిగ ఏడ్చింది. గది మొత్తం ఆ ఏడుపుతో నిండిపోయింది, నర్సు నవ్వింది, కాన్పుల డాక్టరు "అబ్బ, ఏం గొంతు!" అన్నది. మౌనికకు ఏదీ వినబడలేదు. ఆమె మొహంలో భయం పెరుగుతున్నది.

"మేడం, ఏడుస్తలేదా? నా బిడ్డ ఏడుస్తలేదా?"

నర్సు చేతుల్లోంచి బిడ్డను తీసుకున్న. మౌనిక సెలైన్ లేని చెయ్యి తీసుకొని, అరచేతిని ఆ పసిదాని వీపు మీద పెట్టిన. వీపు ఎగిరెగిరి పడుతున్నది, ఏడుపు వీపులోంచి చేతిలోకి కొడుతున్నది. మౌనిక మొహం మొదట ఆశ్చర్యపోయింది. తర్వాత కండ్ల నుంచి నీళ్లు చెవుల దిక్కు కారినయి.

"ఏడుస్తున్నది," అన్నది. "ఎంత గట్టిగ ఏడుస్తున్నది!"